చెంగు ముడి, చెక్క గుర్రం

పార్కు గేటు దాటకముందే హైమావతి తన చీర చెంగుని మనవరాలి మణికట్టుకి ముడి వేసింది.

"నానమ్మా, నేనేమైనా మేకపిల్లనా?" అంది ఆరేళ్ళ తార.

"మేకపిల్లయితే అరుస్తుంది. ఎక్కడుందో తెలుస్తుంది. నువ్వు అదీ చెయ్యవు."

కొడుకు ఉమాపతి, కోడలు సత్యవేణి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

అది తొంభై అయిదు వేసవి. నాచారం నుంచి రెండు బస్సులు మారి, ఊరికి ఆ చివర కొత్తగా తెరిచిన పార్కుకి వచ్చారు. హైమావతికి అసలు రావాలని లేదు. ఇంటి వెనక గోడ అవతల షెడ్డులో నాలుగు నెలలపాటు ఒకటే టకటక. "మనుషులు పడుకోవద్దా!" అని రోజూ గోడ మీదుగా అరిచేది. పోయిన నెలలోనే ఆ చప్పుడు ఆగింది. ఇన్నాళ్ళకి మధ్యాహ్నం కునుకు దొరుకుతోందనుకుంటే, ఈ ప్రయాణం.

పైగా ఆమెకి జనమంటే భయం. చిన్నప్పుడు తండ్రి ఒక పొద్దున చెప్పకుండా గడప దాటి, మళ్ళీ రాలేదు. అప్పటినుంచీ ఇంట్లోంచి ఎవరు వెళ్ళినా, పాలవాడైనా సరే, "మంచిది, వెళ్ళి రా" అనకుండా పంపదు.

అయినా లోపలికి వెళ్ళాక ఆమెకీ బాగానే ఉంది. అందరి చేతుల మీదా నీలం ముద్ర వేశారు. ఎన్ని రోజులైనా దాన్ని కడగనంది తార. కాగితం టోపీ కొన్నారు. చెట్టు నీడన పులిహోర పొట్లాలు విప్పారు. జారుడుబల్ల మీంచి ఉమాపతి నీళ్ళలో పడి కళ్ళజోడు పోగొట్టుకుంటే, పిల్లలంతా మునిగి వెతికిపెట్టారు.

గుండ్రంగా తిరిగే చెక్క గుర్రాల దగ్గర తార పరుగు అందుకుంది.

"తారా! లాగకే! ఓసేయ్ తారా!"

ఎదురు బల్ల మీద కూర్చున్న ముసలాయన ఆ గొంతు విని చటుక్కున లేచాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు.

"తార అంటే నువ్వేనా బిడ్డా?" అన్నాడు మొహమంతా నవ్వుతో.

హైమావతి మనవరాల్ని దగ్గరికి లాక్కుంది. "దీని పేరు నీకెలా తెలుసు?"

"ఇప్పుడేగా అత్తయ్యా, మీరు పార్కంతా వినబడేలా అరిచారు," అంది సత్యవేణి.

ముసలాయన ఎర్ర గుర్రం వీపు తువ్వాలుతో తుడిచాడు. "గీ గుర్రమెక్కు బిడ్డా. నీకు సరిగ్గ సరిపోతది. అక్కా, గిది నేను..."

"ఎవరికయ్యా అక్క? పక్కకి తప్పుకో!"

టిక్కెట్ల మనిషి ముడి చూసి తల అడ్డంగా ఊపాడు. "పెద్దోళ్ళు ఎక్కొద్దు. పిల్లనొక్కదాన్ని పంపున్రి."

"అయితే ఇదీ ఎక్కదు," అంది హైమావతి.

తార ఏడవలేదు. గుర్రం వైపు చూస్తూ నిలబడింది. హైమావతికి అదింకా కష్టంగా ఉంది.

"ముడి విప్పు అక్కా," అన్నాడు ముసలాయన మెల్లగా. "గా గుర్రం పడెయ్యది. నాది పూచీ."

"ఆహా! దాన్ని నువ్వే కన్నట్టు చెబుతున్నావే!"

ముసలాయన పగలబడి నవ్వాడు. "గట్లనే అనుకో!"

ఆ నవ్వు ఆగేలోపు సత్యవేణి ముడి విప్పేసింది.

గుర్రాలు కదిలాయి. హైమావతి కళ్ళు మూసుకుంది. ముసలాయన కటకటాల బయటే, ఎర్ర గుర్రంతో సమానంగా, రెండు చేతులూ చాచి పరుగెత్తాడు.

"నేనున్న అక్కా! ఫికర్ జెయ్యకు!" ఆమె ముందునుంచి వెళ్ళినప్పుడల్లా అదే మాట.

మూడో చుట్టుకి ఆమె ఒక కన్ను తెరిచింది. అయిదో చుట్టుకి చప్పట్లు కొడుతోంది.

"పెద్దాయనా, జరగండి! ఫోటోలో పడుతున్నారు!" అని కేకేశాడు ఉమాపతి.

గుర్రాలు ఆగాయి. తార దూకి వచ్చింది. "నానమ్మా! నేనొక్కదాన్నే!"

ముసలాయన ఆయాసంతో వంగి నిలబడ్డాడు. "సారూ, గా గుర్రంతోని నాకొక్క ఫోటో తియ్యవా?"

"రీల్లో ఒకటే మిగిలింది. అది మేం గేటు దగ్గర దిగాలి," అంది హైమావతి, కొడుకు నోరు తెరవకముందే.

"ఏం గాదు. పోయొస్త అక్కా."

ఆ మాట ఆమెకి వినబడింది. కానీ అప్పుడామె తార చెవులకి దుద్దులున్నాయో లేదో తడిమి చూస్తోంది. తలెత్తేసరికి ఆయన లేడు.

వారం తర్వాత హబ్సిగూడ స్టూడియో నుంచి ఫోటోలు వచ్చాయి. టిక్కెట్టు ముక్కలూ, కాగితం టోపీ దాచిన బిస్కెట్ల డబ్బా ముందు పెట్టుకుని తార ఒక్కొక్కటే చూస్తోంది.

"అయ్యో, గుర్రం ఫోటోలో ఆయన పడనే పడ్డాడు," అంది హైమావతి.

"నానమ్మా, గుర్రం మెడ మీద చూడు. నా పేరు!"

హైమావతి కళ్ళజోడు పెట్టుకుంది. జూలు కింద పసుప్పచ్చ రంగుతో రెండు అక్షరాలు. తార.

ఇల్లు ఊడుస్తున్న మల్లవ్వ తొంగిచూసింది. "ఓయమ్మ! గీయన మన కనకరాజు గద! మొన్ననే సామాను సర్దుకొని ఊరికి పోయిండు. ఇగ రాడట."

"ఎవరే ఈ కనకరాజు?"

మల్లవ్వ చీపురుతో వెనక గోడ చూపించింది. "దినాం టకటక అని తిడితివి గదమ్మా! గా పన్నెండు గుర్రాలు చెక్కింది గాయననే. 'గోడవతల గా అక్క పొద్దంత తారా తారా అని పిలుస్తది. నాకు పిల్లలా జెల్లలా? ఒక గుర్రానికి గా పేరే పెట్టిన' అని మస్తు నవ్వేటోడు."

ఆ మధ్యాహ్నం హైమావతి కునుకు తియ్యలేదు. వెనక గోడ దగ్గరికి వెళ్ళి, చప్పుడు లేని ఆ షెడ్డు వైపు చూస్తూ, "మంచిది తమ్ముడూ, వెళ్ళి రా," అంది.