బోణీ అయ్యేదాకా

“షట్టరు మీరెత్తుతారా, నన్నెత్తమంటారా?” అంది కోడలు, తాళంచెవి కోసం చెయ్యి చాచి.

మామగారు తాళంచెవిని జేబులో వేసుకుని, జేబు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “ఎదుటివాడికి బోణీ కానీ అమ్మాయ్.”

“పొద్దున్నుంచి ఇదే పాట! వాడికి బోణీ అయ్యేలోపు మన బొప్పాయిలు గుజ్జయిపోతాయి.”

ఆ వీధిలో పళ్లకొట్లన్నీ ఒకే వర్తక కులస్థులవి. ఎదుటి వరసలో పరాయివాడొకడు కొత్తగా కొట్టు పెట్టి, ఈ పొద్దునే తెరిచాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ కులానికి మూలపురుషుడు పెద్దతాత. ఎప్పటివాడో, ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు. ఆయన మాటంటే మాత్రం ఇప్పటికీ హడలే. కొత్తగా ఎవరు పక్కన కొట్టు పెట్టినా, మనవాడా పరాయివాడా అని చూడకుండా మొదటి బేరం వాడికే వదలాలి. వాడికి బోణీ అయ్యేదాకా మిగతావాళ్లు కొట్లు తెరవకూడదు. చేసిన మేలు చెప్పుకోకూడదు కాబట్టి, అప్పటిదాకా వాడితో గానీ, వాడి దగ్గరికొచ్చేవాళ్లతో గానీ మాట కలపకూడదు. మామూలుగా ఇదంతా టీ తాగినంతసేపటి వ్యవహారం. వీధిలో ఒక్క కొట్టే తెరిచి ఉంటే కొనేవాళ్లు ఇంకెక్కడికి పోతారు?

ఇవాళ ఎండ నడినెత్తికొస్తున్నా బోణీ కాలేదు.

కోడలి కోపంలో న్యాయముంది. పెద్ద పెద్ద మాల్స్ వచ్చాక కొట్టు ఈగలు తోలుకుంటోంది. ఆమె చెప్పులరిగేలా తిరిగి, ఆసుపత్రి క్యాంటీనుకు ఏడాది పొడుగునా పళ్లు వేసే బేరం తెచ్చింది. అది నిలబడితేనే కొట్టు నిలబడుతుంది. మొదటి లోడు మధ్యాహ్నంలోగా చేరాలి. వ్యాను వచ్చి నిలబడింది. సరుకేమో షట్టరు వెనక ఉంది.

“పోనీ, వెనక తలుపు తీసి లోడు ఎక్కిద్దాం. ఎవరు చూస్తారు?”

“వెనక తలుపు పెద్దతాతకి కనబడదా?”

“ఆయనకన్నీ కనబడతాయి. మీకే నా కష్టం కనబడదు.”

ఆయనకు చురుక్కుమంది. మొహం తిప్పుకున్నాడు.

పక్క కొట్టాయన తువ్వాలుతో విసురుకుంటూ వచ్చాడు. ఆకారాన్ని బట్టి వీధి ఆయన్ని పుచ్చకాయ బాబాయ్ అంటుంది. “చూశావా అన్నయ్యా, వాడి పొగరు? వచ్చినవాళ్లని వచ్చినట్టే తోలేస్తున్నాడు!”

ముగ్గురూ చూశారు. కొత్తవాడు పొద్దున్నే సర్దుకున్న పళ్ల మీద మళ్లీ గోనెపట్టా కప్పేశాడు. సంచీ పట్టుకొచ్చిన ఓ పెద్దావిడకు చేతులు జోడించి ఏదో చెప్పి, మూసి ఉన్న ఈ కొట్ల వైపు చూపించాడు. ఆవిడ ఇటు తిరిగి చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయింది.

“మనల్ని చూపించి మరీ పంపేశాడు!” అన్నాడు పుచ్చకాయ బాబాయ్.

“ఆవిడ మన మీద జాలిపడుతోంది మామయ్యా! అంతవరకూ వచ్చింది మన బతుకు!”

“ఎవడో వాడి చెవిన వేసేశాడు. వాడికి బోణీ కాకపోతే మనం గొర్రెల్లా ఎండలో నిలబడతామని తెలిసిపోయింది. మన కట్టుబాటుతోనే మన గొంతు నొక్కుతున్నాడు. సరుకు కుళ్లి మనం దుకాణాలెత్తేస్తే, వీధంతా వాడిదేగా!” అన్నాడు బాబాయ్.

మామగారికి ఒళ్లు మండింది. పెద్దతాత మాటను ఎగతాళి చేసినా ఆయన ఓర్చుకునేవాడేమో. ఆ మాటను అడ్డం పెట్టుకుని ఆడుకుంటుంటే ఎలా ఓర్చుకుంటాడు? అయినా జేబు మీది చెయ్యి తియ్యలేదు.

కోడలి ఫోను మోగింది. క్యాంటీను మేనేజరు.

“పళ్లేవమ్మా? మొదటి రోజే ఇలాగైతే ఎలా?”

“ఒక్క అరగంట సార్, ఎలాగైనా...”

“అక్కర్లేదమ్మా. వేరేవాళ్లకి చెప్పేశాం.”

ఆమె ఫోను దించింది. ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు.

“తృప్తిగా ఉందా మామయ్యా? రేపట్నుంచి ఇంట్లో అన్నం కూడా పెద్దతాతనే పెట్టమనండి.”

ఆయన తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఇప్పుడెందుకు? ఊరేగించడానికా?”

తాళంచెవి మెట్ల మీద పడింది. ఆయన దాన్ని తీయలేదు. చొక్కా చేతులు మడిచి రోడ్డు మీదకి దిగాడు. ఇన్నేళ్లలో ఆయన అంత కోపంగా నడవడం ఆమె చూడలేదు. ఆమెకే భయం వేసింది.

“మామయ్యా! మాట కలపకూడదన్నారు!”

“మాటెవడు కలుపుతాడు? చెంప పగలగొడతాను. అది వద్దని పెద్దతాత చెప్పలేదు!”

వెనకే పుచ్చకాయ బాబాయ్, ఆ వెనక మిగతా కొట్లవాళ్లు. పొద్దున్నుంచి మింగిన కోపమంతా ఒక్కసారి కాళ్లలోకి వచ్చినట్టుంది, వ్యాను డ్రైవరు కూడా దిగి వాళ్లతో నడిచాడు. కోడలు పరిగెత్తుకొచ్చి మామగారి మోచెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నాడు.

అంతమంది మీదికొస్తున్నా కొత్తవాడు పారిపోలేదు. చెప్పులు విడిచి మెట్లు దిగి, తనే ఎదురొచ్చాడు. మామగారు చెయ్యెత్తాడు.

కొత్తవాడు చేతులు కట్టుకుని, తల దించుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“వీధి వీధంతా కొట్లు మూసేశారు, పోయినదెవరండీ?”