గడ్డకట్టని మడుగు

"ఏయ్ పెద్దాయనా, ఆ గోనె దించు!"

నోర్జ్‌మా గొంతంటే గొంతే. ఏటి మలుపులో ఉన్న ముసలాయన ఠక్కున ఆగిపోయాడు.

పొరుగు గుడారం దాష్ దగ్గరికి ఈ చలికాలం వచ్చిన చుట్టం. రోజూ తెల్లారేసరికి వీళ్ల మడుగు దగ్గరే తచ్చాడుతుంటాడు.

గోనె విప్పి చూస్తే ఏముంది? గుర్రపు లద్ది!

"సిగ్గులేదూ? మా పొయ్యిలోకే చాలక చస్తుంటే, ఎత్తుకుపోతావా?"

"అది కాదమ్మా, నీళ్లకి..."

"నీళ్లకా! ఓహో, నీ గుర్రాల్ని కూడా ఇక్కడికే తోలుకొద్దామనా? ఈ ఏటి మీద గడ్డకట్టని మడుగు మాదొక్కటే. మా చూడి గుర్రాలు పన్నెండూ దీన్ని నమ్ముకునే ఉన్నాయి. మళ్లీ కనిపించావో, కుక్కని వదుల్తా!"

ఆయన గోనె అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

"భలే బుద్ధి చెప్పానులే," అని మొగుడు లువ్సన్ దగ్గర మురిసిపోయింది నోర్జ్‌మా.

మర్నాడు మడుగు లేదు. జానెడు మందాన మంచు, రాయిలా.

లువ్సన్ గునపం పట్టాడు. నీళ్లు తగిలేలోగా ఒక గుర్రం దాహానికి ఆగలేక ఏటి నడిమికి నడిచింది. కాళ్లు జారి దబ్బున పడింది.

ఎలాగో లేచింది గానీ, మధ్యాహ్నానికల్లా కడుపులో పిల్ల పోయింది.

నోర్జ్‌మా అక్కడే కూలబడి ఏడ్చింది.

లువ్సన్‌కి బండ వెనక మూడు చెక్కలు, లద్ది పొడి అంటి, మడతపెట్టి ఉన్న పాత కంబళి కనిపించాయి.

"ఏమే, ఆయన లద్ది ఎత్తుకుపోలేదే! రోజూ సాయంత్రం చలి తగలకుండా మడుగు మీద చెక్కలు వేసి, కంబళి పరిచి, పైన ఎండు లద్ది కప్పుతున్నాడు. పొద్దున మన గుర్రాలు వచ్చేసరికి తీసేస్తున్నాడు. మనమేమో మడుగు గొప్ప అనుకున్నాం."

"అయ్యో, నా నోరు పడిపోను! ఇప్పుడే వెళ్లి ఆయన్ని తీసుకురా. కాళ్లు పట్టుకుంటానని చెప్పు."

లువ్సన్ గుర్రమెక్కి పోయాడు. ఒంటరిగా తిరిగొచ్చాడు.

"పొద్దున్నే లారీ ఎక్కి ఉలాన్‌బాతర్ పట్నం పోయాడట. ఏదో గోదాము కాపలాకి."

"మరి గుర్రాల్ని ఎవరికి వదిలేశాడు? వాటి కోసమైనా వస్తాడుగా?"

"ఆయనకి గుర్రాల్లేవే. ఉన్న ముప్పై ఆరూ పోయిన చలికాలం, గడ్డకట్టిన మడుగు చుట్టూ దాహంతో పడి చచ్చిపోయాయట."