దూరపు గది

"ఈ గది నాకొద్దు," అంది చెల్లెలు.

అడ్వాన్సు ఇవ్వబోతున్న అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంటావిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఎందుకొద్దు?"

"గోడలు బాలేవు."

"గోడలతో ఏం పనే నీకు? రంగు నేను వేయిస్తాలే." అక్క కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. రోడ్డుకవతల యూనివర్సిటీ ప్రహరీ, దాని వెనక లైబ్రరీ మెట్లు, వాటి మీద గుంపుగా కూర్చుని కబుర్లాడుకుంటున్న పిల్లలు. "చూడు. అందరూ క్లాసులోకి వెళ్తుంటే ఇక్కణ్ణించి బయల్దేరినా అందుకుంటావు. ఈ పేటలో ఈ అద్దెకి మనిద్దరికీ సరిపోయే గది దొరకడమంటే మాటలా? పది రోజులు కాళ్ళరిగేలా తిరిగితే దొరికింది."

"మెట్లు కూడా ఎక్కువే."

"పద్దెనిమిదేళ్ళ దానివి, మెట్లెక్కలేవా?"

ఇంటావిడ కల్పించుకుంది. "చదువుకునే పిల్లలని తగ్గించి చెప్పానమ్మా. మీరు కాదంటే సాయంత్రానికల్లా ఇంకొకరు దిగిపోతారు."

"దిగనివ్వండి," అనేసి చెల్లెలు గబగబా కిందికి నడిచింది.

అక్క ఆమెని బస్టాపు దగ్గర పట్టుకుంది. అక్కది కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. గదులు కూడా అలాగే చూసింది, ప్రతి కుళాయీ తిప్పి, ప్రతి గడియా వేసి తీసి. షాపు మూశాక సాయంత్రాలూ, వారానికి దొరికే ఒక్క సెలవూ దీనికే పోయాయి.

"మరి ఎక్కడ కావాలి తల్లీ నీకు?"

"ప్రెస్సు సందులో."

"బస్సు డిపో వెనకాలా? మతి ఉండే మాట్లాడుతున్నావా? అక్కణ్ణించి యూనివర్సిటీకి గంట ప్రయాణం!"

"నీ షాపుకి దగ్గర కదక్కా. నడిచి వచ్చేయొచ్చు."

"నా షాపు సంగతి ఎవరడిగారు? చదివేది నువ్వా, నేనా?"

చెల్లెలు వచ్చిన బస్సెక్కి, కిటికీ పక్క సీటు అక్క కోసం ఆపింది. అక్క ఎక్కక ఏం చేస్తుంది? దారి పొడుగునా సణుగుతూనే ఉంది అక్క.

ప్రెస్సు సందులో గది నిజంగానే ప్రెస్సు మీదే ఉంది. కింద మిషను తిరుగుతుంటే పైన నేల సన్నగా అదురుతోంది. గది నిండా సిరా వాసన, కొత్త కాగితం వాసన. ఇంటాయన వేళ్ళకున్న నల్లరంగు తుడుచుకుంటూ తాళంచెవి తెచ్చాడు.

"వచ్చావామ్మా! మొన్న నువ్వు చూసి వెళ్ళాక ఇద్దరొచ్చి అడిగారు. నీకు మాటిచ్చాను కదా, తలుపు కూడా తియ్యలేదు."

అక్క తల తిప్పి చెల్లెలి వైపు చూసింది. మొన్న ఐడీ కార్డు కోసం యూనివర్సిటీకి వెళ్తున్నానని చెప్పిన పిల్ల ఇది.

"ఎదురు మేడ సారు కూడా పొద్దుట్నించి రెండుసార్లు వచ్చి వెళ్ళారు, నువ్వొచ్చావా అని," ఆయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "పాపం, ఒకటే ఎదురుచూపు." తాళంచెవి అక్క చేతిలో పెట్టి మిషను దగ్గరికి దిగిపోయాడు.

అక్క తలుపు దగ్గరగా వేసింది.

"ఎవడే వాడు?"

"వాడు కాదక్కా, వారు. పెద్దాయన."

"పెద్దాయనా! ఎంత పెద్దాయన?"

"వచ్చే ఏడు రిటైరవుతారు."

అక్క కూర్చోవడానికి అటూ ఇటూ వెతికింది. ఖాళీ గదిలో ఏముంటుంది? గోడకి చేరగిలబడింది.

"నువ్వనుకునేది కాదక్కా. ముందు ఈ గదికి అడ్వాన్సు ఇవ్వు. తర్వాత అంతా చెప్తాను."

"ఇప్పుడెందుకు చెప్పవు?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు."

ఆ మాటతో అక్కకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "నా చదువు గట్టున పెట్టింది ఇందుకా? ఆరేళ్ళు ఆ గాజు పొడిలో కూర్చుంది నువ్విలా నా కళ్ళుగప్పి తిరగడానికా?" అని అరిచింది.

చెల్లెలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. గాజు అంచులు కోసి కోసి గరుకెక్కిన ఆ వేళ్ళని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"నన్ను నమ్మక్కా. ఈ ఒక్కసారికి."

అక్క చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అలాగని మొహమూ చూడలేదు. కాళ్ళ కింద నేల అదురుతూనే ఉంది.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఎవరో ఆయాసపడుతూ పైకొస్తున్నారు. "సారు వచ్చేశారు," అని గొణిగింది చెల్లెలు.

అక్క చెయ్యి విడిపించుకుని విసురుగా తలుపు తీసింది. గుమ్మంలో చెంపలు నెరిసిన మనిషి, చంకలో ఫైలు. కళ్ళజోడు ఎడమవైపుకి ఒరిగిపోయి ఉంది. ఇంకో రోజైతే అక్క చెయ్యి ఊరుకునేది కాదు, తీసి సరిచేసి ఇచ్చేదే. ఇవాళ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా చెల్లెలితో మీకేంటండీ పని?"

ఆయన బిత్తరపోయి ఫైలు తెరిచాడు. "మీ చెల్లెలితో నాకు పనేముందమ్మా? పనంతా మీతోనే. ఎదురు మేడలో మా సాయంత్రం కాలేజీ ఉంది కదా, అందులో డిగ్రీ అడ్మిషన్లకి ఇవాళే ఆఖరు. మీ పేరున ఫారమంతా ఆ అమ్మాయే నింపింది, మీ సంతకం ఒక్కటే మిగిలింది."