ఆ ఇంటి రక్తం

"అల్బీనో పేరు నా దగ్గర ఎత్తకండి," అన్నాడు ఎర్మీనియు.

ఆపరేషన్ అయ్యాక చూసుకోవడానికి మీవాళ్లెవరున్నారని మాత్రమే అడిగింది పోర్తో నగరం ఆసుపత్రి డాక్టరమ్మ. కూతురు గ్రాసా ఉంది. అల్బీనోను చేసుకున్న రోజే ఆమెకు తలుపు మూసేశాడు. అల్బీనో ఇంట్లో తరతరాలుగా కాళ్ల జబ్బు. ముప్పై దాటగానే పాదాలకు స్పర్శ పోతుంది, తర్వాత మనిషే పోతాడు. పునీత పేతురు పండగలో అల్బీనో తండ్రి చేపలు కాల్చే నిప్పు తొక్కి, ఆ సంగతే తెలియక నవ్వుతూ నిలబడ్డం ఎర్మీనియు కళ్లారా చూశాడు. ఆ ఇంటి రక్తం తన గడప తొక్కకూడదని రేవంతా వినేలా అన్నాడు.

"ఎవరూ లేరని రాసుకోండి."

డాక్టరమ్మ విషయానికొచ్చింది. క్యాన్సర్ ఇంకా కాలేయం దాటలేదు, ఇప్పుడే మార్చాలి. చనిపోయినవాళ్లది దొరికేదాకా ఆగితే చేయిదాటిపోతుంది. ఒకటి సిద్ధంగా ఉంది, బతికున్న మనిషిది. అతని జబ్బు పుట్టేది ఆ కాలేయంలోనే, అందుకే అది తీసేసి అతనికి వేరేది పెడుతున్నారు.

"కానీ పెద్దాయనా, ఇందులో ఒక లోపముంది. బయటపడ్డానికి ఏళ్లు పడుతుంది. దాని పేరు..."

"పేర్లు నాకెందుకమ్మా? ముందు ఈ ఏడు గట్టెక్కించండి. సంతకం ఎక్కడ?"

ఎవరిదని అడిగితే, చెప్పకూడదంది.

ఆసుపత్రిలో ఆయన మంచం దగ్గరికి ఎవరూ రాలేదు. ఇల్లు చేరాక, వలలు బాగుచేసే పక్కింటి దియొలిందా సూప్ తెచ్చిపెట్టింది. ఆ వారమే అల్బీనోకూ పోర్తోలో ఏదో ఆపరేషన్ అయిందట.

"అమ్మాయి అక్కడే ఉందన్నా. కబురు పెట్టకూడదూ?"

"వాడి కాళ్లకేదో చేసుంటారు. ఒంట్లో రక్తాన్ని కడగలేరుగా."

ఎనిమిదేళ్లయినా కబురు వెళ్లలేదు. అల్బీనో మాత్రం ముప్పై దాటినా పడవ దిగి ఇసుకలో నిటారుగా నడిచిపోతుంటే, ఆయన కిటికీలోంచి చూసి పళ్లు నూరేవాడు.

ఈ పండక్కీ ఒక్కడే గుమ్మం ముందు బొగ్గుల పొయ్యి పెట్టుకున్నాడు, చెప్పుల్లేకుండా. రెండు కవళ్ల చేపలు వేశాడు. ఏటా ఒకటి మిగిలిపోతుంది.

వీధికి అవతల గ్రాసా, పక్కన చిన్నపిల్ల. పిల్ల చెయ్యి ఊపింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

మాడు వాసన వచ్చింది. చేపలు తిరగేసి చూశాడు, మాడలేదు. తలెత్తితే, పిల్ల ఆయన పాదాలకేసి వేలు చూపిస్తోంది.

నిప్పు ఆయన కాలికిందే ఉంది.