పటిక నీళ్లు

గేదెపాలు బిడ్డకి పోస్తారు, పిల్లికి పోస్తారు. గుడ్డకి పోసే మనిషిని కృపావతి అప్పుడే చూసింది.

బందరులో ఆమె వీధిగదిలో కొత్తగా అద్దెకు దిగినాయన, కరక్కాయ పొడి కలిపిన పాలలో తెల్లగుడ్డ ముంచి దండెం మీద ఆరేశాడు.

"ఏంటండీ ఈ కంపు?"

"ప్రయోగమండీ. ఎలా వస్తుందో నాకూ తెలీదు."

మర్నాడు వెదురుపుల్ల ఏదో నీళ్లలో ముంచి ఆ గుడ్డ మీద గీస్తున్నాడు. గీసిన గీత ఆరగానే మాయం.

కృపావతికి కుతూహలం ఆగలేదు. గిన్నెలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. వగరు. పటిక!

"నీళ్లతో గీతలేంటండీ?"

"రంగు తర్వాత వస్తుందండీ."

పిచ్చి ముదిరిందనుకుంది. అయినా వినే మనిషి దొరికితే ఆమె వదలదు.

"నాకొక్కతే కూతురండీ, ఎస్తేరు. బొమ్మలేసేవాడెవడో ఎక్కడికో తీసుకుపోయాడు. ఎనిమిదేళ్లయింది. బతికుందో లేదో. ఒక్క కబురు తెలిస్తే చాలు."

పుల్ల ఆగింది.

"అతనే వచ్చి చెబితేనో?"

"వాడా? గుమ్మమెక్కితే కాగే గంజి మొహాన పోస్తాను!"

ఆయన మళ్లీ పుల్ల ముంచాడు.

ఆదివారం ఆమె ఇంటికి ప్రార్థనకి వచ్చినవాళ్లు పాలకంపుకి ముక్కులు మూసుకున్నారు. కృపావతికి తల కొట్టేసినట్టయింది. గది ఖాళీ చేయమంది.

"ఆ గుడ్డ మీకేనండీ. ఎర్రరంగులో ఉడకేయించండి" అని దణ్ణం పెట్టి, ఆయన పొగబండెక్కి వెళ్లిపోయాడు.

పోనీలే, బొంతకి పైగుడ్డయినా అవుతుందని కృపావతి దాన్ని అద్దకం పనిచేసే ఖైరున్ బీకి ఇచ్చింది.

ఖైరున్ బీ తడిగుడ్డతో పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, చూడు! పటిక తగిలినచోటే ఎర్రబడింది. మేం పువ్వులూ తీగలూ అద్దుతాం గానీ, కనపడని నీళ్లతో మనిషి మొహం గీసినోణ్ని నేనెక్కడా చూళ్లేదు. ఎవరక్కా ఆయన?"

ఎర్రటి గీతల్లో ఎస్తేరు నవ్వుతోంది. ఇల్లు దాటినప్పటికంటే కాస్త ఒళ్లు చేసింది. చంకలో పసిపిల్ల, అచ్చం కృపావతి ముక్కే.

కృపావతి ఆ తడిగుడ్డ లాక్కుంది.

"ఏ ఊరని కూడా అడగలేదే, ఖైరూ..."

కూతురి కబురు మోసుకొచ్చిన అల్లుణ్ని ఆమె తన నోటితోనే పొమ్మంది.