విటోమిర్ వెన్నులో సూది

విటోమిర్ మంచం అంచున వీపు వంచి కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో చచ్చిన చేపలా పడి ఉంది. మూతి ఒక పక్కకి జారిపోయింది.

"కదలకండి," అంది డాక్టర్ నేజా. "వెన్నులోంచి కాస్త నీరు తీస్తానంతే."

"ఎందుకమ్మా? ఇది మామూలు పక్షవాతం. అరవై దాటాయి, బీపీ ఉంది, పంది మాంసం మానలేదు. ఇంకేం కావాలి?"

"వేసవంతా పుట్టగొడుగుల కోసం అడవిలో తిరిగారు. నెల రోజులుగా తలనొప్పి. పిడుదు కుట్టి, లైమ్ జబ్బు మెదడుకెక్కిందేమో చూడాలి. అదే అయితే మందుంది."

"పిడుదా! ఈ ల్యుబ్లియానా ఊళ్లో ఎవరి మూతి వంకరపోయినా పాపం దాని మీదికే తోస్తారు!"

నర్సు యోజిత్సా అతని భుజాలు గట్టిగా పట్టుకుంది. ఆమె ముఖంలో జాలి కంటే సరదా ఎక్కువగా కనిపించింది.

విటోమిర్‌కి తన మీద తనకే సిగ్గేసింది. ఎలుగుబంట్లు తిరిగే అడవిలో ఒంటరిగా నడిచే మనిషి. వేలెడంత సూదిని చూసి చెమటలు కక్కుతున్నాడు. నీళ్లడిగాడు. బాత్రూమన్నాడు. ఆఖరికి భార్యతో ఒక్క మాట మాట్లాడాలన్నాడు.

"మీ మాట వినొద్దని చెప్పింది ఆవిడే," అంది యోజిత్సా.

సూది దిగింది. అతని కేకకి పక్క గదిలో కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

ఫలితం వచ్చేదాకా విటోమిర్ ఎడమచేత్తో చెంచా పట్టడం నేర్చుకుంటూ, సగం సూప్ గడ్డానికే తాగించాడు. కుడిచెయ్యి ఇక లేవదేమోనని లోపల దిగులు. ఎవరైనా చూడవస్తే మాత్రం, "నా మూతి సగం నవ్వుతోంది, సగం ఏడుస్తోంది. మీకు నచ్చిన సగంతో మాట్లాడుకోండి" అనేవాడు.

నేజా దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పిడుదే! మెదడులో రక్తనాళాలు వాచాయి. మూడు వారాలు మందెక్కిస్తాం. ఆ చెయ్యి మళ్లీ పనిచేస్తుందని ఆశ ఉంది."

విటోమిర్ కళ్లు తుడుచుకున్నాడు. గంభీరంగా మూతి బిగించబోయాడు. సగమే బిగిసింది.

"సంతోషం. కానీ ఈ సూది చీమ కుట్టినట్టుంటుందని జనానికి చెప్పే వెధవ ఎవడో నాకొకసారి చూపించండి."

యోజిత్సా నవ్వాపుకోలేకపోయింది.

"ఇంకెవరు? ఈ వార్డుకి పక్షవాతంతో వచ్చిన ప్రతివాళ్ల వెన్నులోనూ ఇన్నేళ్లుగా పట్టుబట్టి సూది గుచ్చుతున్న మీరే కదా, పెద్ద డాక్టరు గారూ!"