పండగ రికార్డులో తెలుగు మాట

దీపావళి ముందురోజు మనవరాలు కొత్త రికార్డు పెట్టింది. వింటూ వింటూ కూర్మయ్య కాఫీ తాగడం ఆపేశాడు.

కౌలాలంపూర్‌లో నలుగురమ్మాయిల పాటల బృందం అది. అభిమాన సంఘంలో చేరినవాళ్ళకి ఏటా ఒక పండగ రికార్డు పోస్టులో పంపుతారు. మలేషియాలోనే వాళ్ళుండే ఊరు బాగన్ దాతుక్‌లో అది ఉన్నది మనవరాలి దగ్గరే. అందులో హేమ అనే పిల్ల మలయ్‌లో, తమిళంలో శుభాకాంక్షలు చెప్పి, ఆఖర్న నవ్వుతూనే తెలుగులో అంది:

"నన్ను ఇంటికెల్లనివ్వట్లేదు. ఫోను లాగీసుకున్నారు. ఎవులైనా ఇంటే మా అమ్మకి సెప్పండి."

"ఏటి తాతా, అలగైపోనావు? పండగ మాటే లా," అంది మనవరాలు. దానికి తెలుగు అంతంతమాత్రం, మాట చివర మలయ్ వాళ్ళలా 'లా' తగిలిస్తుంది.

కూర్మయ్య అర్థం చెప్పాడు. దాని మొహం పాలిపోయింది.

ఆ తల్లి ఎవరో, ఏ ఊళ్ళో ఉందో ఇద్దరికీ తెలీదు. రికార్డు అట్ట మీద సంఘం ఆఫీసు అడ్రసు మాత్రం ఉంది. కూర్మయ్య చెబుతుంటే మనవరాలు మలయ్‌లో ఉత్తరం రాసింది. మీ బృందంలోని హేమ తెలుగులో ఇలా మొరపెట్టుకుంటోంది, దయచేసి ఇంటికి పంపండి అని.

పది రోజుల్లో జవాబొచ్చింది. ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి, నలుగురూ సంతకాలు పెట్టిన ఫోటో కూడా పంపారు.

"ఈపాటికి తల్లిని సూసొచ్చుంటాది," అని కూర్మయ్య ఏడాదంతా మురిసిపోయాడు.

మళ్ళీ దీపావళికి రికార్డొచ్చింది. హేమ మలయ్‌లో చెప్పింది, తమిళంలో చెప్పింది. వెంటనే పాట మొదలైపోయింది.

మనవరాలు మొదటికి పెట్టి మళ్ళీ వినిపించింది. తెలుగు లేదు.

కూర్మయ్య సంతకాల ఫోటో తీసి చూశాడు.

"ఆ పిల్ల ఏటందో ఆ ఆపీసోలకి తెల్దే," అన్నాడు. "నానే సెప్పీసినాను."